కోపం రాని ముఖానికి ఏడు దీపాలు

ఆ ఆదివారం పొద్దున్నే లైట్ల స్వామి తడి తువ్వాలు తెచ్చి పరుపు మీద పడేశాడు. పన్నెండేళ్ల కాపురంలో మతిమరుపుతో పడేసింది వేలసార్లు. పథకం ప్రకారం పడేయడం మాత్రం ఇదే మొదలు.

వీడియో గేముల్లో మనుషుల ముఖాల మీద వెలుగు ఎక్కడ, ఎంత పడాలో చూడటం ఆయన ఉద్యోగం. ఆఫీసులో ఆ బిరుదు అందుకే. మూడు నెలలుగా ఒక గేములోని రాణిని కన్నకూతురిలా సాకుతున్నాడు. ఆవిడ శత్రువును చూసి నిప్పులు చెరగాలి. ఏడు దీపాలు పెట్టినా, "కోపమొచ్చిన రాణిలా లేదయ్యా, పిండి డబ్బాలో పడి లేచినట్టుంది" అన్నాడు మేనేజరు. సోమవారానికల్లా ముఖంలో ప్రాణం రాకపోతే రాణిని ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు.

నిజమైన కోపం మీద వెలుగు ఎలా పడుతుందో చూడాలి. దానికోసం ఊరంతా తిరగాలా, ఇంట్లోనే ఉందాయె! కాకపోతే ఫొటో అనగానే ఇల్లాలికి నవ్వొస్తుంది. అందుకని కర్టెన్లు మూసి, ఆఫీసు నుంచి మోసుకొచ్చిన ఏడు పెద్ద లైట్లను బీరువా మీదా సోఫా వెనకా వెలిగించి, పుస్తకాల మధ్య ఫోను దాచి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

ఆవిడ తువ్వాలు ఆరేసి వచ్చింది. "టీ తాగుతారా?"

స్వామి కంగు తిన్నాడు. "నీ వంట కన్నా మా క్యాంటీన్ వంటే నయం!"

"అమ్మయ్య! రేపట్నుంచి అక్కడే కానివ్వండి." తెల్ల దుప్పటిని ఇస్త్రీకి బల్ల మీద పరిచింది.

"మీ అన్నయ్యకు బుర్ర లేదు!"

"చిన్నప్పట్నుంచీ అంతేనండీ."

"నీకసలు కోపం రాదేంటే!" స్వామి లేచి గయ్యిమన్నాడు.

ఆవిడ ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసింది. ఠప్! ఫ్యూజు ఎగిరి ఏడు దీపాలూ ఆరిపోయాయి. స్వామి కేక మాత్రం ఆగలేదు. ఆవిడ ఒక పక్క కర్టెన్ లాగి, తిన్నగా పుస్తకాల దగ్గరికెళ్లి ఫోను తీసి క్లిక్కుమనిపించింది.

"పొద్దుట్నుంచీ ఊడుస్తుంటే మూలకో లైటు తగులుతోంది. మూడు రోజులుగా కంప్యూటర్ ముందు కూర్చుని 'కోప్పడవే తల్లీ, కోప్పడు' అని బతిమాలుతున్నారు. ఆమాత్రం తెలీదా నాకు? ఇదిగోండి మీ కోపం!"

ఫొటోలో ఒక చెంప మీద కిటికీ వెలుగు. రెండో చెంపకు తెల్ల దుప్పటి మీంచి తిరిగొచ్చిన వెలుతురు మెత్తగా అంటుకుంది. కళ్లలో చిన్న మెరుపు. తన ఏడు దీపాలు రాణి ముఖంలోని నీడలన్నీ తుడిచేశాయని, కోపం కాస్తా వాటితోపాటే పోయిందని స్వామికి అప్పుడు అర్థమైంది. వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని రాణి మీది ఆరు దీపాలు తీసేశాడు.

సోమవారం రాణిని చూసి మేనేజరు ఒకడుగు వెనక్కి వేశాడు. "అమ్మో! ఎవర్ని చూసి చేశావయ్యా?"

"మా ఇంట్లోనే సార్."

"పాపం! ఎలా వేగుతున్నావయ్యా ఆవిడతో?"

స్వామి తల గోక్కున్నాడు. "ఆవిడే వేగుతోంది సార్. ఆ ముఖం నాది."

ఇంటికెళ్లగానే, "నీ పుణ్యమా అని రాణి నాకే మిగిలింది. పన్నెండేళ్లుగా ఈ ముఖాన్ని నవ్వుతూ భరించావు. నీకెన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే" అన్నాడు. ఆవిడ కళ్లొత్తుకుని, అప్పటికే ఫ్రేము కట్టించి ఉంచిన ఆ ఫొటోను, ఒక మేకును, సుత్తిని ఆయన చేతిలో పెట్టింది. స్వామి వెళ్లి కిటికీకి ఎదురు గోడ మీద మేకు ఆనించాడు.

"అక్కడ కాదండీ. వెలుగు పక్కనుంచి పడాలి."

స్వామి పక్క గోడకు మారాడు. ఫొటో తగిలించాక పరుపు కేసి చూసి, పొద్దున మతిమరుపుతో పడేసిన తువ్వాలు తీసుకెళ్లి ఆరేశాడు.