అత్తగారు ఎక్కితేనే చప్పుడు

ఆ రోజు పొద్దున అల్లుడు తలపెట్టిన పని చాలా చిన్నది. అత్తగారిని బండి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, వీధి చివర పెట్రోలు బంకు దాకా వెళ్లి, తిరిగి రావాలి. అంతే. ఆ మాత్రం దానికి మనిషి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నప్పుడే ఇంట్లో వాళ్లకి అనుమానం రావలసింది.

బండి అంటే పికప్ బండి, ముందు రెండు వరసల సీట్లు, వెనక తొట్టి. అతని చేతికి వచ్చేసరికే దాని బతుకు సగం గడిచిపోయింది. అంతకుముందు అది కోళ్ల బుట్టలు మోసేది. ఇప్పటికీ ఏసీ మీట నొక్కితే చల్లగాలి కంటే ముందు ఒక ఈక వచ్చి మొహం మీద వాలుతుంది. ఆ బండిని పెరట్లో పెట్టుకుని, సెలవు దొరికినప్పుడల్లా దాని కింద దూరి, రోడ్డు లేని చోటికి పోగలిగే బండిగా మారుస్తున్నాడు. లావు టైర్లు వేయించాడు. వెనక తొట్టిలో చెక్క మంచం కట్టాడు. మంచం పక్కన నీళ్ల డ్రమ్ము, దానికో కుళాయి, తలవైపున చిన్న దీపం, పైన టార్పాలిన్ పందిరి. కొండ అవతల ఒక సరస్సు ఉంది. దాని ఒడ్డున గుడారం వేసుకుని ఒక్క రాత్రి పడుకోవాలి. అతని కోరిక అంతకు మించి లేదు.

ఆ కోరిక పుట్టడంలో తప్పు పట్టడానికీ లేదు. అతను పార్శిలు ఆఫీసులో తూకం గుమస్తా. లోకంలో ఉన్న ఊళ్లన్నిటికీ మూటలు పంపిస్తూ, తను మాత్రం అదే కుర్చీలో అరిగిపోతున్న మనిషి. మూటను కంటితో చూసి బరువు చెప్పేస్తాడు. తర్వాత తూకం వేస్తే తూకమే అతని మాటకి సరిపోతుంది.

అతని పనితనంలో ఒక్కటే విచిత్రం. బండిలో ఏది విప్పి బిగించినా చివర్లో ఒకటో రెండో నట్లు మిగిలేవి. వాటిని పిట్టగోడ మీద పెట్టి, తర్వాత చూద్దాంలే అని చేతులు కడుక్కునేవాడు. తర్వాత చూస్తే అక్కడ ఉండేవి కావు. ఎక్కడివక్కడికి చేరుకున్నాయిలే అని తృప్తి పడేవాడు.

బండి వచ్చి నిలబడ్డ చోటు అతని భార్య బట్టలారేసుకునే చోటు. ఆవిడ ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది. తడి దుప్పటి భుజాన వేసుకుని ఒకనాడు తేల్చి చెప్పేసింది.

"ఈ శనివారం నన్నూ అమ్మనీ ఆ సరస్సుకి తీసుకెళ్తే తీసుకెళ్లండి. అమ్మ బెదరకుండా కూర్చోవాలి. కూర్చోనంటే ఆదివారం ఫర్నిచరు కొట్టాయనకి బండి ఇచ్చేద్దాం. పాపం, ఆయన అడుగుతూనే ఉన్నాడు."

"అత్తయ్యకి నేను చెప్పుకుంటాగా."

"చెప్పుకోవడం కాదు. కూర్చోబెట్టి చూపించండి."

అదీ ఇస్త్రీ చొక్కా వెనక సంగతి. అత్తగారు గేటు దాటితే చేతిసంచీ లేకుండా దాటరు. సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని, కుదురుగా కూర్చున్నారు. బండి కదిలింది. నాలుగిళ్లు దాటాయో లేదో కింద ఎక్కడినుంచో మొదలైంది. టక్. టక టక. గుంట వస్తే టకటకటక.

"ఏదో ఊడుతోంది బాబూ," అన్నారు అత్తగారు.

"పాత బండి కదత్తయ్యా. కాస్త మాట్లాడుతుంది."

"మాట్లాడితే పర్లేదు. ఇది సణుగుతోంది."

ఇంటికొచ్చి దిగాక ఆవిడ సంచీ సర్దుకుంటూ మెల్లగా అన్నారు, "శనివారం మీరిద్దరూ వెళ్లిరండి నాయనా. నేను ఇంట్లో ఉంటాలే." అమ్మను వదిలి కూతురు రాదు. కూతురు రాకపోతే బండి ఫర్నిచరు కొట్టుకి పోతుంది. అల్లుడికి కళ్ల ముందు సరస్సు ఎండిపోయింది.

తిన్నగా మెకానిక్ షెడ్డుకి వెళ్లాడు. మెకానిక్ బండిని వీధి చుట్టూ తిప్పుకొచ్చాడు. చప్పుడు లేదు. అల్లుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. అప్పుడూ లేదు.

"నేనెక్కితే రాదు, మీరెక్కితే రాదు. మరి ఎవరెక్కితే వచ్చింది సార్?"

"మా అత్తగారు."

మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుని, పెద్ద డాక్టర్లు మాట్లాడే గొంతుతో అడిగాడు. "మనిషి కాస్త...?"

"కాస్త."

"అయితే ఆ పక్క స్ప్రింగు ఆగట్లేదు సార్. గట్టిది వేయాలి. ఎంత గట్టిదో తెలియాలంటే ఆవిడ బరువు తెలియాలి. ఎంతుంటారు?"

అల్లుడు టైరు వైపు చూశాడు.

"మీరు తూకం ఆఫీసేగా. కంటితో చెప్పేస్తారంటగా."

"చెప్పాలంటే చూడాలి కదన్నా. పెళ్లయినప్పటినుంచీ ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిణ్ని నేను తేరిపార చూసింది లేదు."

"అంకె తెస్తేనే స్ప్రింగు. ఉజ్జాయింపుగా వేస్తే బండి ఒక పక్కకి ఒరుగుద్ది, తర్వాత నన్నంటారు," అని మెకానిక్ ఇంకో బండి కిందకి దూరిపోయాడు.

సాయంత్రం భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. అల్లుడు ఒక తువ్వాలు అందుకుని, మడతపెడుతున్నట్టు నటిస్తూ అడిగాడు.

"మీ అమ్మగారి బరువెంత ఉంటుందంటావు?"

ఆమె చేతులు ఆగాయి. "ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరన్నా ఉల్లిపాయల బరువడుగుతారు. అమ్మ బరువెందుకు?"

మీ అమ్మ కూర్చుంటే బండి మూలుగుతోంది అని చెప్పే మొగుడు ఇంకా పుట్టలేదు. అందుకని అతను దానికంటే చెడ్డ మాట అన్నాడు. "ఏం లేదులే. శనివారం దాకా ఈ సంగతి అమ్మకి తెలియనివ్వకు."

ఇక అక్కడ మొదలైంది. కిందటి వారం అమ్మని ఆటోలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఈయనే. డాక్టరు ఈయన్ని విడిగా పిలిచి బయట వరండాలో చాలాసేపు మాట్లాడాడని అమ్మే చెప్పింది. అప్పుడు ఆమె పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకుంది. డాక్టరు ఆయన్ని అడిగింది, వీధిలో చూసిన బండికి ఆ లావు టైర్లు ఎక్కడ కొన్నారని. ఆ ముక్క ఆమెకెలా తెలుస్తుంది. చెల్లెలికి ఫోను చేసింది. ఏమీ చెప్పకుండానే ఏడ్చింది. చెల్లెలు ఏమీ వినకుండానే బయల్దేరింది.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు రెండు టానిక్ సీసాలతో దిగింది. ఒక కూతురు అమ్మ వీపు వెనక దిండు పెడితే, ఇంకో కూతురు కాళ్ల కింద పెట్టింది. అత్తగారు ఎవరినీ ఏమీ అడగలేదు. కూతుళ్లిద్దరూ ఒకేసారి మంచిగా ఉండటం తరచూ జరిగేది కాదు. జరిగినప్పుడు కారణం అడిగితే ఆగిపోతుందని ఆవిడకి బాగా తెలుసు.

అల్లుడు మాత్రం అంకె వేటలో ఉన్నాడు. "అత్తయ్యా, మా ఆఫీసు ఎప్పుడూ చూడలేదుగా. రండి, చూద్దురుగాని," అని ఆటో పిలిచి తీసుకెళ్లాడు. లోపల తిప్పి చూపించి, చివరికి నేలకి సమానంగా పరిచిన ఇనుప పలక దగ్గరికి తెచ్చాడు.

"ఇక్కడ నిలబడండత్తయ్యా. ఒక ఫొటో తీస్తా."

"ఇక్కడే ఎందుకు బాబూ?"

"వెలుతురు ఇక్కడే బాగుంటుంది."

అత్తగారు పలక మీద నిలబడి, సంచీ రెండు చేతులా పట్టుకుని, ఫొటోకి తగ్గట్టు మొహం పెట్టారు. గోడ మీద ఎర్రంకెలు వెలిగాయి. ఆ అంకె ఎంతో ఇక్కడ చెప్పడం మర్యాద కాదు. అల్లుడు దాన్ని అరచేతిలో రాసుకున్నాడు. ఇంతలో స్టిక్కర్లు అంటించే ఆవిడ, తల ఎత్తకుండానే, "ఎక్కడికి పంపాలి?" అంది.

"పంపడం లేదు. మా అత్తగారు."

"అలాగా," అని ఆవిడ చేతి అలవాటు కొద్దీ బరువు అచ్చయి వచ్చిన స్టిక్కరు చింపి సంచీకి అంటించేసింది. అత్తగారికి కళ్లజోడు లేకుండా దగ్గరివి కనబడవు. ఏదో ఆఫీసు మర్యాద అనుకుని, థాంక్స్ చెప్పి ఇంటికొచ్చేశారు.

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ స్టిక్కరు చదివారు. మొదట బరువు. దాని కింద 'ఎత్తునప్పుడు జాగ్రత్త, తలకిందులు చేయరాదు' అని ఉంది. గమ్యస్థానం అన్న చోట ఖాళీ.

"అక్కా," అంది చెల్లెలు. "బావ బండి ఒకసారి చూపించు."

ఇద్దరూ పెరట్లోకి వెళ్లి తొట్టిలోకి ఎక్కారు. చెల్లెలు మంచాన్ని చూసింది. డ్రమ్మును చూసింది. తలవైపు దీపాన్ని వెలిగించి, ఆర్పింది.

"దీన్ని క్యాంపింగంటారా అక్కా? మంచం ఉంది. నీళ్లున్నాయి. తల దగ్గర దీపం. మీ ఆయన కట్టింది అంబులెన్సు."

"క్యాంపింగని మనకి చెప్పారే..."

"చెప్పక ఏం చేస్తాడు పాపం. అంతా లోపలే దాచుకున్నాడు. ఆ సరస్సు పక్కన పెద్దాసుపత్రి ఏదో ఉండుంటుంది."

అక్క అక్కడే మంచం మీద కూర్చుండిపోయింది. "నేనేమో బట్టలారేసుకోడానికి చోటు లేదని దెప్పానే," అంది. తర్వాత కళ్లు తుడుచుకుని ఫర్నిచరు కొట్టాయనకి ఫోను చేసింది. "ఆ బండి ఇవ్వమండీ. అది మా అమ్మ కోసం కట్టింది," అని పెట్టేసింది.

ఆ సంగతి అల్లుడికి తెలియదు. అరచేతి అంకె పట్టుకెళ్లి మెకానిక్‌కి చూపించి, దగ్గరుండి స్ప్రింగు మార్పించుకుని, పెరట్లో తనే సీటు కూడా ఒకసారి విప్పి బిగించి, మిగిలినవి మామూలు ప్రకారం పిట్టగోడ మీద పెట్టి ఇంట్లోకి వచ్చేసరికి భార్య కుర్చీ లాగి కూర్చోమంది. మరదలు "అలిసిపోయావు బావా" అంటూ టీ ఇచ్చింది. అతను టీ వాసన చూసి మరీ తాగాడు.

శనివారం వచ్చింది. కొత్త స్ప్రింగు పుణ్యమా అని బండి ఒక పక్క లేచి నిలబడింది. అత్తగారు ఎక్కడానికి స్టూలు వేయవలసి వచ్చింది.

"అమ్మా, వెనక మంచం మీద పడుకో," అంది పెద్ద కూతురు.

"పడుకుని సరస్సేం చూస్తానే," అని అత్తగారు ముందు సీట్లోనే కూర్చుని, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. చిన్న కూతురు రెండు టానిక్ సీసాలూ అందులోనే దోపింది. అక్కాచెల్లెళ్లు వెనక సీట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

బండి కదిలింది. టక్. టక టక. ఖణేల్. పాత చప్పుడు పోకపోగా ఇంకోదాన్ని తోడు తెచ్చుకుంది. ఊరు దాటి, తారు దాటి, రాళ్ల బాట పట్టేసరికి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. అల్లుడు స్టీరింగు పట్టుకుని రేపటి ఆదివారాన్ని తలుచుకుంటున్నాడు. వెనకనుంచి భార్య గొంతు వచ్చింది, చాలా మెత్తగా.

"ఇంకా ఎంత దూరమండీ ఆసుపత్రి?"

"ఏ ఆసుపత్రి?"

"మాకు తెలుసులెండి. ఇక దాచకండి."

అతను వెనక్కి తిరిగి చూశాడు. చూసినప్పుడే ముందు చక్రం ఒక గుంటలో దిగింది. ధన్ మని శబ్దం వచ్చి, అత్తగారి సీటు ఉన్నపళంగా వెనక్కి వాలి, కూతుళ్ల ఒళ్లో పడింది. బండి ఆగింది. చప్పుడూ ఆగింది. కూతుళ్లిద్దరూ "అమ్మా" అని ఒకేసారి అన్నారు.

అత్తగారు వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముందు అద్దం వైపు పెట్టుకుని, బండి పైకప్పు చూస్తూ చెయ్యి కిందకి చాపి, జారి పక్కకి వచ్చిన సంచీ అందుకున్నారు. అందులోంచి ఒక రేకు డబ్బా తీశారు. చెవి దగ్గర ఆడించారు. టక టక.

"ఏ సైజు కావాలి బాబూ?" అన్నారు.

డబ్బా నిండా నట్లు, బోల్టులు. అల్లుడు వాటిని ఒక్కొక్కటీ గుర్తుపట్టాడు.

"ఇవి మీ దగ్గరెందుకున్నాయత్తయ్యా?"

"నువ్వు గోడ మీద పెట్టి మరిచిపోతావు. వానకి తుప్పు పడతాయని తీసి దాచా. దారిలో నీకు అవసరం పడతాయేమోనని బండెక్కినప్పుడల్లా తెచ్చుకుంటున్నా."

"మరి చప్పుడు వస్తుంటే చెప్పలేదేం?"

"అది బండి మాట్లాడటం అన్నావుగా నువ్వే."

సీటు కింద టార్చి వేసి చూస్తే, నాలుగు చోట్ల ఉండవలసిన నట్టు ఒక్క చోటే ఉన్న గుర్తుంది. అదీ ఇప్పుడు లేదు. కొత్త స్ప్రింగుకి పాపం ఏ పనీ పడలేదు.

"మరి అమ్మ బరువెందుకడిగారు?" అంది భార్య. ఇప్పుడు గొంతులో ఆ మెత్తదనం లేదు. అల్లుడు చెప్పాడు. మెకానిక్ సంగతి, ఇనుప పలక సంగతి, అరచేతి సంగతి. చెప్పడం అయ్యేసరికి ఒక ఈక ఎక్కడినుంచో వచ్చి అత్తగారి మోకాలి మీద వాలింది.

"ఆ అంకెలో ఈ డబ్బా కూడా ఉందా?" అన్నారు అత్తగారు పడుకునే.

"ఉందత్తయ్యా. సంచీ కూడా."

"అయితే తీసేసి చెప్పు."

అల్లుడు డబ్బాను అరచేతిలో పెట్టుకుని తూచాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఒక్క మూటకీ తప్పు బరువు చెప్పని మనిషి. మొదటిసారి అత్తగారిని తేరిపార చూశాడు. డబ్బాకి ఉన్నదానికంటే బాగా ఎక్కువ బరువే కట్టి, మిగిలింది చెప్పాడు. అత్తగారు ఆ అంకెను మనసులో ఒకసారి అనుకుని చూసుకున్నారు.

"ఫర్వాలేదు," అన్నారు. తర్వాత పెద్ద కూతురితో, "ఏమే, బండి ఇచ్చేది లేదని చెప్పేశావుగా కొట్టాయనకి. నా కోసం కట్టిందని కూడా చెప్పావు. ఇప్పుడు మాట మారిస్తే ఏం బాగుంటుంది," అన్నారు.

"నీకెలా తెలుసమ్మా?"

"పెరటి కిటికీ పక్కనేగా నా మంచం."

సరస్సు అక్కడికి దగ్గరే. నడిచి వెళ్లి చూసి, వచ్చి, గుంటలోంచి బండిని పైకి లాగి ఒడ్డుకి మెల్లగా దొర్లించుకుపోయారు. గుడారం వేశారు. మంచం మీద అత్తగారు పడుకున్నారు, దీపం కూడా ఆవిడే వెలిగించుకున్నారు. మర్నాడు పొద్దున అల్లుడు బండి కింద దూరి, డబ్బా పక్కన పెట్టుకుని, ఖాళీగా ఉన్న ప్రతి చోటా వెతికి వెతికి బిగించాడు. భార్య టార్చి పట్టుకుంది. అతను చెయ్యి చాచినప్పుడల్లా మరదలు నట్టు అందించింది.

అంతా అయ్యాక రెండు మిగిలాయి. అత్తగారు వాటిని డబ్బాలో వేసి, డబ్బా సంచీలో పెట్టుకుని, ముందు సీట్లో కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు చప్పుడు చాలా తగ్గింది.