కషాయం గెలిచిన ఓటు

ఆ గురువారం ఉదయం సంఘ పెద్ద ఎలిఫలెట్ గారు చేయదలచుకున్న పని ఒక్కటే. పెద్ద రాగి కెటిల్ నిండా కషాయం కాచి, మధ్యాహ్నం ప్రార్థనకు ముందు సంఘమంతటికీ తలో కప్పు పోయాలి. ప్రసంగం కాగానే ఓటు ఉంది. న్యూ హాంప్‌షైర్ కొండల మధ్య ఉన్న తమ గుడికి చలి కాచుకునే ఇనుప పొయ్యి పెట్టించాలా, వద్దా అని.

వద్దని ఆయన పట్టు. ఆయన తండ్రి చలికి గడ్డకట్టిన రొట్టెను చేత్తో విరిచి ప్రభువు బల్ల జరిపించిన గుడి అది. పొయ్యి పెడితే ఒళ్లు వెచ్చబడి జనం కునుకు తీస్తారని ఆయన భయం. వేడి లోపలి నుంచి రావాలి తప్ప బయటి నుంచి కాదని నమ్మకం. అందుకే ఈ కషాయం. పొయ్యి వస్తే పెద్దరికం వదులుకుంటానని నిండు సభలో మాట కూడా ఇచ్చేశారు. ఆ మాటను దేవుడు అడిగాడా, తానే తొందరపడ్డానా అన్న సందేహం అప్పుడప్పుడూ పీడించేది గానీ, ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

కషాయం పొడి ఆయనే స్వయంగా దంచుకునేవారు. బేబెర్రీ పొద బెరడు, శొంఠి, లవంగాలు, మిరప్పొడి. పాళ్లు మాత్రం రహస్యం. ఊళ్లో ఆ మూలికా వైద్యం నేర్చుకున్న ప్రతివాళ్లూ, మందు చేసుకునే హక్కు పత్రం కొని, దాని మీద సంతకం పెట్టినవాళ్లే. పాళ్లు ఎవరికీ చెప్పరాదని అందులో ప్రమాణం. ఆ ఊరివాళ్లు ప్రమాణాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, హక్కున్నవాళ్లు ఇద్దరు ఒకచోట చేరినా మందు మాటెత్తేవారు కారు. ఎలిఫలెట్ గారు భార్య మెహిటబెల్‌కు కూడా చెప్పలేదు. పదకొండేళ్లుగా ఆ రోలు కడుగుతున్న ఆవిడకు అంతా తెలుసు. తెలిసినట్టు ఆవిడా చెప్పలేదు.

ఆయన గుర్రాన్ని బండికి కట్టడానికి వెళ్లగానే ఆవిడ కషాయం రుచి చూసింది. పొద్దున్నే కంగారులో ఈయన మిరప్పొడి తక్కువ వేసినట్టున్నారు, ఇంతమందిలో పరువు పోతుంది అనుకుంది. రెండు గరిటెలు వేసి కలిపి మూత పెట్టింది.

"ఏమైనా కలిపావా?" అన్నారాయన లోపలికి వస్తూ.

"నాకేం తెలుసండీ అందులో ఏముంటుందో?" అంది మెహిటబెల్.

గుడి పక్కనున్న వసారాలో కెటిల్‌ను మళ్లీ నిప్పుల మీద పెట్టారు. ఆయన పాస్టర్ బాస్కం గారిని పిలవడానికి వెళ్లారు. పక్కింటి వితంతువు జెరూషా మూత తీసి వాసన చూసింది. ఆమెకూ హక్కు పత్రం ఉంది, సంచీలో సొంత పొడీ ఉంది.

"ఏం వదినా, అలా చూస్తున్నావ్?" అంది మెహిటబెల్.

"ఏం లేదమ్మా. మా ఇంట్లో ఇంకొంచెం ఎర్రగా ఉంటుంది. అంతకంటే చెప్పకూడదు."

"చెప్పకు మరి. నేనలా బయటికి వెళ్లి వస్తా."

మెహిటబెల్ తిరిగి వచ్చేసరికి కషాయం ఎర్రబడింది.

ఆఖరున వచ్చినవాడు అబైజా. పొయ్యి కావాలని ఊరంతా తిరిగి జనాన్ని కూడగట్టినవాడు అతడే. వరసకు ఎలిఫలెట్ గారి అన్న కొడుకు. కెటిల్ మోయమంటే మోస్తూ, దారిలో ఒక గుక్క తాగి చూశాడు. మామూలు మనుషులకు అది చాలు. కానీ అబైజా చిన్నప్పటినుంచీ నిప్పులాంటి కషాయం తాగి పెరిగాడు. పొయ్యి సంగతి వేరు, మందు సంగతి వేరు, నీళ్ల కషాయం పోసి మా వంశం పేరు చెడగొడతాడా బాబాయ్ అనుకున్నాడు. జేబులో ఉన్న మందుపొడి పొట్లమంతా అందులో ఒంపేశాడు.

ఎలిఫలెట్ గారు తన చేత్తోనే అందరికీ పోశారు. మొదటి గుక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఎవరూ కిక్కురుమనలేదు. హక్కున్నవాళ్లకు ప్రమాణం అడ్డొచ్చింది. లేనివాళ్లు మందంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారు. చివరికి కెటిల్‌లో ఒక్క కప్పు మిగిలింది. పాస్టర్ గారు దగ్గుతూనే దాన్ని కూడా అందుకున్నారు.

"మరి మీకో, అన్నయ్యా?" అంది జెరూషా.

"నాకు దేవుని కృప చాలమ్మా," అన్నారాయన నిండు మనసుతో.

కీర్తన రెండో చరణానికే శాలువాలు జారాయి. ప్రార్థన మధ్యలో మగవాళ్లు కోట్లు విప్పారు. ఆడవాళ్లు పాదాలు కాచుకునేందుకు తెచ్చుకున్న నిప్పుల పెట్టెలను దూరంగా తన్నేశారు. పాస్టర్ గారు ఎర్రబడ్డ మొహంతో వాక్యం ఎత్తుకుని, "ఆ కిటికీలు తీయండి నాయనా," అన్నారు. ఉత్తరపు కిటికీలు మూడూ తెరిచారు. ఫిబ్రవరి గాలి మంచుతో సహా లోపలికి వచ్చింది.

"అబ్బ, ప్రాణం లేచొచ్చింది," అన్నాడు అబైజా, చొక్కా చేతులు మడుచుకుంటూ.

ఎలిఫలెట్ గారు కూర్చునే పెద్దల బల్ల సరిగ్గా ఆ కిటికీల కిందే. మిరప ధాటికి పాస్టర్ గారికి ఎన్నడూ లేని ఉత్సాహం వచ్చి, ప్రసంగం రెండు గంటలు సాగింది. ఒక్కరూ కునుకు తీయలేదు. ఎలిఫలెట్ గారు మొదటి గంట పళ్లు బిగించి కూర్చున్నారు. రెండో గంటలో, ఎవరూ చూడకుండా, బూటు కొనతో ఒక నిప్పుల పెట్టెను తనవైపు లాక్కున్నారు. అందులో నిప్పు ఆరిపోయింది. 'ప్రభువా, ఇన్నేళ్లూ ఈ చలిని నేను ఓర్చుకున్నది భక్తితోనా, నా కషాయంతోనా?' అని లోలోపల అడిగారు. జవాబుగా కనుబొమల మీద మంచు పేరుకుంది.

ఓటుకు ముందు అబైజా లేచి నుదురు తుడుచుకున్నాడు. "ఈ ఉక్కలో పొయ్యి కూడానా? అసలు ఎవరికి పుట్టిన బుద్ధి ఇది?"

"నీకేరా," అన్నారు ఎవరో వెనక నుంచి.

"అయితే వెనక్కి తీసుకుంటున్నా."

పొయ్యి వద్దన్నవాళ్లు నలభై ముగ్గురు. ఎలిఫలెట్ గారి పెద్దరికం నిలిచింది, కిటికీ కింది చోటుతో సహా. కావాలన్నవాళ్లు చేతులెత్తండి అని సంఘం గుమాస్తా మాటవరసకు అడిగాడు.

కిటికీ కింది పెద్దల బల్ల మీది నుంచి ఒకే ఒక్క చేయి లేచింది. అది మరీ వణుకుతూ ఉండటంతో, ఓటు కోసం ఎత్తిందేనా అని గుమాస్తా రెండుసార్లు అడగవలసి వచ్చింది.