సొంతూరు గడి

సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోలు దాటలేదు. విశ్వేశ్వరరావు కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే వచ్చాడు. దారిలో సగం దూరమైనా నీడ దొరికినందుకు సంతోషించాడు. నీళ్ల మోటార్లు అమ్మే జానయ్య దగ్గర ఆయన గుమాస్తా. ఆ రోజు పని ఒక్కటే. మోటార్ల కంపెనీ పంపిన సీఆర్ఎం అనే సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్లందరి వివరాలు సాయంత్రంలోగా ఎక్కించాలి. లేకుంటే ఏజెన్సీ హయత్‌నగర్ వాళ్లకు పోతుంది. ఏజెన్సీ పోతే దుకాణం ఉండదు. అరవై దాటిన గుమాస్తాకు ఇంకో దుకాణం దొరకదు.

చిక్కు మొదట్లోనే వచ్చింది. జానయ్య ఫోన్‌లో కస్టమర్లు ‘మోటర్ కాలిన బాల్‌రాజ్’, ‘లొల్లి పెట్టే బాల్‌రాజ్’, ‘హాస్టలమ్మ’ అన్న పేర్లతో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఒక బాల్‌రాజ్‌ను తీసుకుని, రెండో బాల్‌రాజ్ రాగానే ‘ఇతను ముందే ఉన్నాడు’ అని వెనక్కి పంపింది.

“గిండ్ల పరేషానేముంది?” అన్నాడు జానయ్య. “మా నల్గొండ దిక్కు మనిషిని ఊరు తోటే గుర్తు పడ్తం. ఫోన్ జేసి సొంతూరు అడుగుండ్రి, పేరు పక్కన పెట్టుండ్రి.”

“ఈ రోజుల్లో ఆ మాట అడగొచ్చంటారా?”

“ఊరడిగితే ఎవడన్న కొడ్తడా సారూ?”

విశ్వేశ్వరరావు ముందుగా ఎల్బీనగర్ పక్కన ఉండే ‘లొల్లి పెట్టే బాల్‌రాజ్’కు ఫోన్ చేశాడు. ఆ బాల్‌రాజ్ వారం కిందట హైవే మీద రాస్తారోకోలో ముందు వరసన కూర్చున్నాడు. అప్పటి నుంచీ పోలీసు కేసు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

“నమస్కారమండీ. మీ పూర్తి పేరు, సొంతూరు చెబుతారా? నమోదు చేసుకోవాలి.”

“ఏ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నవ్?”

“స్టేషన్ కాదండీ, మోటార్ల దుకాణం.”

“మోటర్ నా బోరుకు బిగించిన్రు గని, నా ఊరుకు గాదు గదా!” ఫోన్ పెట్టేశాడు.

“మీ ‘అండీ’ ఇంటే ఎవనికైనా డౌటొస్తది,” అంటూ జానయ్య ఫోన్ లాక్కున్నాడు. “నేను జేస్త చూడుండ్రి.”

తర్వాతి పేరు హాస్టలమ్మ. అసలు పేరు లలితకుమారి. తెనాలి నుంచి వచ్చి ఆడపిల్లల హాస్టల్ నడుపుతోంది.

“అమ్మా, జర మీ సొంతూరేదో చెప్పుండ్రి. రాసుకోవాలె.”

“ఎందుకండీ? మేం ఎన్నో ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాం కదా.”

“గందుకే అడుగుతున్న. యాడికెళ్లి వచ్చిన్రో పైకి పంపాలె.”

“పైకంటే... ఎవరికండీ?” జానయ్య జవాబు చెప్పేలోగా ఆమె ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికల్లా ఎల్బీనగర్‌లో ఒక వార్త, హాస్టళ్ల సందుల్లో ఇంకో వార్త. పోలీసులే మోటార్ల దుకాణం పెట్టి ఉద్యమకారుల ఊర్లు కూపీ లాగుతున్నారని అక్కడ. ఆంధ్రావాళ్ల జాబితా తయారవుతోందని ఇక్కడ. చాయ్ హోటల్ మనిషి కూడా లోపలికి రాకుండా రెండు గ్లాసులు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. చాయ్ మాత్రం వేడిగానే ఉంది.

భోజనాల వేళ దాటగానే బాల్‌రాజ్ మనుషులను వెంటేసుకుని వచ్చాడు. అదే సమయానికి లలితకుమారి హాస్టల్ వంటమనిషిని తోడు తెచ్చుకుంది. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడి, ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

“నా పేరు తీసెయ్!” అన్నాడు బాల్‌రాజ్.

“ముందు నాది తీసేయండి,” అంది లలితకుమారి.

“తీసేస్తానండీ,” అన్నాడు విశ్వేశ్వరరావు. “కానీ ఇందులో ఉన్నది ఏ బాల్‌రాజో మాకే తెలీదు. అది తెలీకేగా ఫోన్ చేసింది.”

బాల్‌రాజ్‌కు కొత్త అనుమానం పుట్టింది. ఇంకో బాల్‌రాజ్‌ను తీసి తనను ఉంచేస్తే? “మంచిగ రాసుకో. పాండురంగం కొడుకు బాల్‌రాజ్. సొంతూరైనా, ఉన్నూరైనా మన్సూరాబాదే. గీ నంబర్ నాదే.” విశ్వేశ్వరరావు అంతా టైపు కొట్టి, సరిచూసి, ఆయన ఎదుటే పేరు తీసేశాడు.

లలితకుమారి కంప్యూటర్ వైపు వంగి చూసింది. “ఆయనది అడగ్గానే తీశారే? నాది మాత్రం ఇంకా ఉంచారేం?”

బాల్‌రాజ్ కూడా వంగాడు. “ఔ గదా! ఆమెది ఉంచి నాదెందుకు తీసినవ్? పేరున్నోళ్లకు ఏమిస్తున్నరు?”

“ఏం లేదండీ. మోటారు కాలిపోతే కంపెనీ మెకానిక్ ఇంటికే వచ్చి ఉచితంగా బాగుచేస్తాడు. అంతే.”

బాల్‌రాజ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“గా ముచ్చట మొదలు చెప్పొద్దా?”

“మొదట ఊరడిగాం,” అని ఒప్పుకున్నాడు విశ్వేశ్వరరావు.

“నా పేరు మళ్ల ఎక్కియ్యి. ఆమె కన్న కింద మాత్రం వద్దు.”

“నాదీ సరిగా రాయండి. లలితకుమారి, తెనాలి, గుంటూరు జిల్లా.”

బయట నిలబడ్డవాళ్లకు లోపలి మాటలు సగమే వినిపించాయి. అందరికీ ఏదో ఇస్తున్నారని, తమకే చెప్పడం లేదని తోచింది. ఆ మాట పాకి, సాయంత్రానికి మోటార్లు కొన్నవాళ్ల వరస బస్టాపు దాటింది. ఒక్కొక్కరూ అడక్కుండానే సొంతూరు, తాతల ఊరు కూడా చెప్పి, కంప్యూటర్‌లో చూసుకుని మరీ వెళ్లారు. చీకటి పడకముందే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఏజెన్సీ జానయ్యకే.

“రేపు ఎండ గాకముందే రాండ్రి సారూ. పొయ్యేటప్పుడు నా బండి మీద దింపుత,” అన్నాడు జానయ్య. ఆయన అలా అనడం అదే మొదలు.

సాఫ్ట్‌వేర్‌లో చివరి గడి ఒకటి మిగిలింది: ‘ఈ కస్టమర్ మన దగ్గరకు ఎలా వచ్చారు?’ విశ్వేశ్వరరావు కాసేపు ఆలోచించి, అందరికీ ఒకే మాట కొట్టాడు: ‘అనుమానంతో.’