పళ్ళసెట్టిగారి బామ్మర్ది వీసా

ఆయన శెట్టీ కాదు, సేఠూ కాదు. కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేస్తాడు కనక వీధి వీధంతా కలిసి పళ్ళసెట్టిగారని పేరు పెట్టేసింది. ఇంటి కింది గదిలో కార్ఖానా, పై గదుల్లో కాపురం. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తారు. వాటికి సరిపడా పళ్ళు కింద తయారవుతాయి. ఎవరు తయారుచేస్తారన్నది తర్వాత చెప్పుకుందాం.

ఉన్న ఒక్క పాత పనివాడూ చూపు మందగించి మానేశాడు. అచ్చులు గుట్టలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే పళ్ళసెట్టిగారి బుర్రలో ఓ మెరుపు మెరిసింది. పరాయి దేశంలో ఉన్న బామ్మర్ది ఇదే పనిలో ఆరితేరినవాడు. వాడు చెక్కిన పన్ను పక్కన పెడితే అసలు పన్నే సిగ్గుపడాలి. వాణ్ణి వీసా మీద రప్పిస్తే?

"జీతం గీతం అడగడు. అన్నం పెడితే చాలు," అన్నాడు భార్యతో, చేతులు నలుపుకుంటూ.

"మా తమ్ముడేమన్నా పెంపుడు కుక్కా?" అంది ఆవిడ, మైనంతో చిగుళ్ళు దిద్దుతూ.

మర్నాడు వీసా ఆఫీసుకి చల్లగా వెళ్ళిన మనిషి, ఉడికిన బంగాళాదుంపలా తిరిగొచ్చాడు.

"అన్యాయం! అక్రమం! పరాయి దేశపు పనిమంతుణ్ణి తెచ్చుకోవాలంటే ఇంతకి తగ్గకుండా జీతం ఇచ్చి తీరాలట! ఎంతో తెలుసా? నాకు నెలకి మిగిలేదానికన్నా ఎక్కువ!"

"ఎందుకట?"

"బయటివాళ్ళని చవగ్గా తెచ్చి ఇక్కడివాళ్ళ పొట్ట కొట్టకూడదట. వచ్చినవాణ్ణీ పిండకూడదట. నేను పిండేవాడిలా కనిపిస్తున్నానటే?"

ఆవిడ ఎగాదిగా చూసింది. "పొద్దున టూత్‌పేస్టు ట్యూబుని కత్తెరతో కోసి గోడలు గీకిందెవరు?"

ఆ ప్రశ్న ఆయనకి వినపడలేదు. మగాడికి అవసరమైనప్పుడు చెవుడు దానంతటదే వస్తుంది. భోజనం అయ్యేలోగా ఉపాయం తట్టింది.

"కాయితం మీద పూర్తి జీతం. బ్యాంకులో వేస్తాను. వేసిన మర్నాడే గది అద్దెనీ, తిండనీ, నీళ్ళనీ, అక్క ప్రేమనీ వెనక్కి లాగేసుకుంటాను."

"అక్క ప్రేమక్కూడానా!"

"అది చవగ్గానే వేశాన్లే."

వెంటనే బామ్మర్దికి ఫోన్ కొట్టాడు. "ఏరా బామ్మర్దీ, నీకూ నాకూ మధ్య లెక్కలేమిట్రా," అంటూ లెక్కంతా చెప్పాడు.

"అక్క ఏమంటే అదే బావా," అన్నాడు వాడు.

అక్క పన్నెత్తి మాట్లాడలేదు. పెళ్ళైన మగాడెవడైనా ఆ మౌనానికి భయపడాలి. ఈయన ఈల వేసుకున్నాడు.

దరఖాస్తు అందాక, అనుమతి ఇచ్చే ముందు కార్ఖానా చూడ్డానికి వీసా ఆఫీసరమ్మ వస్తానని కబురు పెట్టింది. పళ్ళసెట్టిగారు పెళ్ళానికి పాఠం చెప్పాడు. "ఈ పని తెలిసినవాళ్ళు మన దగ్గర ఒక్కరూ లేరని చెప్పాలి. నువ్వు కిందికి రాకు."

"మరి డాక్టరుగారి సెట్లు ఈ పూటే ఇవ్వాలిగా?"

"అవా... అవి పూర్తిచేసి పైకి పో."

పూర్తి కాకముందే ఆఫీసరమ్మ వచ్చేసింది.

"ఇప్పుడు ఈ పని ఎవరు చేస్తున్నారండీ?" అంది, గుమ్మంలోనే.

"ఎవరూ లేరండీ! అదేగదా మా గోడు!"

సరిగ్గా ఆ క్షణాన వెనక సానపట్టే మిషను గుయ్యిమంది.

"మరి ఆవిడ?"

"మా ఆవిడండీ."

"ఏం పని చేస్తారు?"

"పనేం లేదండీ, ఖాళీగా ఉంటుంది. ఊరికే కూచోలేక ఇలా కాసేపు పళ్ళు నూరుకుంటూ ఉంటుంది."

మిషను ఆగింది. ఆవిడ ముఖానికున్న గుడ్డ తీసింది. కళ్ళద్దాల నిండా తెల్లటి పొడి. గొంతు పెద్దది చెయ్యకుండానే అందుకుంది.

"ఖాళీగానా? ఈ బల్ల మీద వంగి వంగి నా నడుం పోయిందండీ. పన్ను రంగు కలిపేది నేను, కరుకు తీసేది నేను. సెట్టు గుచ్చుకుంటోందని ముసలాళ్ళు ఏడుస్తూ వస్తే సరిచేసేది నేను. వాళ్ళు నవ్వుకుంటూ దణ్ణం పెట్టేది ఈయనకి! జీతమన్న మాట ఈ ఇంట్లో నేనెప్పుడు విన్నానంటారు? మా తమ్ముడికి ఎంతివ్వాలో సర్కారు చెప్పిన రోజున! ఎక్కడో ఉన్నవాణ్ణి పిండకూడదని రూలుందట. పక్కనున్నదానికి లేదా ఆ రూలు?"

అలమారలోని సెట్లన్నీ పళ్ళికిలించుకుని పళ్ళసెట్టిగారినే చూస్తున్నాయి.

"ఉందండీ," అంది ఆఫీసరమ్మ. "వచ్చేవాళ్ళకి ఎంతో, అదే పని చేస్తున్నవాళ్ళకీ అంతే. ఈవిడకి జీతం ఇస్తున్నట్టు చూపిస్తేగానీ మీ కాయితం కదలదు."

"ఇద్దరికా!" పళ్ళసెట్టిగారి గొంతు కీచుమంది. "అది నా పెళ్ళామండీ!"

"మా దగ్గర పెళ్ళాం అనే ఉద్యోగం లేదండీ. అన్నట్టు, ఇచ్చిన జీతం అద్దెనో గిద్దెనో వెనక్కి తీసుకోవడం నేరం. మీకలాంటి ఆలోచనేం లేదుగదా?"

ఆయన నోరు తెరిచేలోగా భార్యే అందుకుంది. "అబ్బే, మా వారికి అలాంటివి తెలీవండీ. తెలిస్తే నేనే మీకు ఫోన్ చేస్తాను."

ఆఫీసరమ్మ అటు వెళ్ళగానే ఆయన చిందులు తొక్కాడు. "నాకు బామ్మర్దీ వద్దు, వీసా వద్దు! ఉన్నట్టే ఉందాం!"

"అలాగే. నేనూ రేపట్నుంచి పైన ఖాళీగా ఉంటాను."

బల్ల మీద గుట్టపడ్డ అచ్చుల వంక చూశాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ చేతులకి బిల్లు రాయడం తప్ప ఇంకేదీ రాదు. నోరు మూసుకుని రెండు జీతాల కాయితాల మీదా సంతకాలు పెట్టాడు.

బామ్మర్ది వచ్చాడు. రెండు వీధుల అవతల గది తీసుకున్నాడు. "మీ ఇంట్లో ఉంటే అక్క ప్రేమ ఖరీదు నేను భరించలేను బావా," అన్నాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. అక్కాతమ్ముళ్ళు చెరో బల్ల దగ్గరా కూచుంటే నెల తిరిగేసరికి గుట్ట కరిగిపోయింది.

తొలి జీతాలు ఇచ్చిన సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూచున్నారు. పళ్ళసెట్టిగారికి ముద్ద దిగడం లేదు. రెండుసార్లు దగ్గి, పెళ్ళాం వైపు తిరిగాడు.

"వాడంటే వేరే ఉంటున్నాడు. నువ్వు ఈ కప్పు కిందే ఉంటున్నావు. ఇప్పుడు సంపాదనపరురాలివి కూడాను. జీతంలోంచి కోయనులే, నువ్వే మర్యాదగా ఎంతో కొంత అద్దె..."

"న్యాయమేనండీ," అంది ఆవిడ, మజ్జిగ పోస్తూ. "ఉన్నచోటికి అద్దె ఇవ్వాల్సిందే. మరి ఈ ఇల్లు ఎవరి పేరున ఉంది?"

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎప్పుడో ఇంటిపన్ను కలిసొస్తుందని ఎవడో తెలివైనవాడు చెబితే, ఆవిడ వద్దంటున్నా వినకుండా పట్టుబట్టి మరీ ఆవిడ పేరున రిజిస్టరు చేయించింది తనే. పన్ను ఎగ్గొట్టబోయి పళ్ళు రాలగొట్టుకోవడమంటే అదే.

"కింద కార్ఖానా గది ఒకటి, పైన మీరు గుర్రుపెట్టే గది ఒకటి. రేపు లెక్కేసి చెబుతాను," అంది ఆవిడ.

బామ్మర్ది తల వంచుకుని చాలాసేపు నవ్వాపుకున్నాడు. చివరికి ఎంతో జాలిగా అన్నాడు.

"బావా, మా ఓనరు దగ్గర ఇంకో గది ఖాళీగా ఉంది. కనుక్కోమంటావా?"