ఫ్లోరెంతీనోగారి నవ్వుల ఫ్లెక్సీ

గురువారం పొద్దున్న ఏడున్నరకి ఫ్లోరెంతీనో మగ్బానువాగారు ఇస్త్రీ చేసిన తెల్ల బరోంగ్ చొక్కా తొడుక్కొని, అద్దం ముందు నిలబడి పదిసార్లు "హ హ హ" అన్నారు. పదోసారికి దగ్గొచ్చింది. అయినా మానలేదు. ఆ రోజు పది గంటలకి జిల్లా నుంచి విలియారుస్ మేడమ్ తనిఖీకి వస్తోంది. తమ మున్సిపల్ ఆఫీసుకి 'సంతోష కార్యాలయం' బహుమతి వస్తే, సిబ్బంది అధికారిగా ఆయనకి ఇలోయిలో నగరంలో పెద్ద కుర్చీ ఖాయం. పదకొండేళ్ళుగా ఆ కుర్చీ మీదే ఆయన ప్రాణం.

ఆర్నెల్ల క్రితం ఏదో హోటల్లో రెండు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. నవ్వు మనసుకి మందు అన్న సంగతి అక్కడ ఆయన తలకెక్కింది. ముఖానికి మాత్రం ఎక్కలేదు. వచ్చీ రాగానే పథకం పెట్టారు. జెండా వందనం కాగానే అందరూ వరసగా నిలబడి ఐదు నిమిషాలు నవ్వాలి, ఆపైన రిజిస్టరులో సంతకం చేయాలి. దానికి తోకగా ఒక ఉత్తర్వు: పని వేళల్లో జోకులు నిషిద్ధం, పథకం బయట నవ్విన నవ్వు లెక్కలోకి రాదు.

ఆ ఉత్తర్వు జనన మరణాల గుమాస్తా సల్వాసియోన్ కోసమేనని అందరికీ తెలుసు. ఆవిడ నోరు విప్పితే పన్ను కట్టడానికొచ్చినవాళ్ళు కూడా నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆవిడ నోరు కట్టేసిన నెలకల్లా ఆఫీసు పళ్ళ డాక్టరు వరండాలా తయారైంది. ఇద్దరు నిద్రమాత్రలు మొదలుపెట్టారు. "అలవాటు పడాలి" అన్నారు ఫ్లోరెంతీనోగారు.

తీరా ఆ గురువారం ఆఫీసుకి వెళితే కాపలావాడు తప్ప మనిషి జాడ లేదు. పాత బంట్రోతు ఎస్టోయ్ తాత ముందురోజు పోయాడట. శవాన్ని బాస్కెట్‌బాల్ కోర్టు షెడ్డులో ఉంచారట. అందరూ అక్కడే ఉన్నారు. ఈయన మండిపడుతూ ఫోన్ చేశారు.

"సల్వాసియోన్! తనిఖీ ఉందని తెలీదా? తొమ్మిదిన్నరకల్లా వచ్చి నవ్వండి!"

"పేకాట మధ్యలో ఎలా లేస్తాం సార్? పైగా తాత పెళ్ళాం పాసింగమ్మే గెలుస్తోంది. ఇప్పుడు లేస్తే ఊరుకుంటుందా?"

ఫోన్లోంచి పాతిక మంది పగలబడి నవ్విన చప్పుడు వినిపించింది. శవం దగ్గర కాఫీలు, పుచ్చగింజలు, పేకముక్కలు, పోయినవాడి తిక్క పనుల కథలు ఆ ఊళ్ళో మామూలే. ఈయన పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే, ఎన్నడూ నవ్వలేదంతే. ఇప్పుడు మాత్రం ఆశ పుట్టింది. తనిఖీ అక్కడే చేయించేస్తే?

ఫ్లెక్సీ సిద్ధంగానే ఉంది. "మానసిక ప్రశాంతత ఉట్టిపడాలి" అని చెప్పి చేయించారు. అచ్చువేసేవాడు తనకి తెలిసిన ప్రశాంతతంతా పోశాడు. నీలాకాశం, మబ్బులు, తెల్ల పావురాలు. మధ్యలో ఎనిమిదడుగుల ఫ్లోరెంతీనోగారి ముఖం, పక్కన పేరు, హోదా. కింద 'ఆయన పంచిన నవ్వు ఎప్పటికీ మనతోనే' అన్న మాట, దాని కింద పెద్ద అంకెల్లో 1994–2024. 'సేవాకాలం' అన్న మాట చోటు చాలక చీమంత అయింది. కోర్టు గేటుకి ఎస్టోయ్ తాత చిన్న ఫ్లెక్సీ కట్టి ఉంటే, దాన్ని విప్పి వెనక గోడకి తగిలించి, తనది స్వయంగా బిగించారు. ఊళ్ళో ఎవరు పోయినా గేటుకి నవ్వు ముఖం ఫ్లెక్సీయే కడతారన్నది తట్టలేదు. తనని గురించి తప్ప మరో ఆలోచన ఆయనకెప్పుడూ తట్టదు.

తర్వాత బస్టాండుకి వెళ్ళి మేడమ్ కోసం నిలబడ్డారు. గంట గడిచినా బస్సు రాలేదు. చేపలమ్మే ఆవిడొకతె ఎదురొచ్చి, ఈయన్ని చూసి శిలువ గుర్తు వేసుకొని, గంప అక్కడే వదిలేసి పరిగెత్తింది. పూలకొట్టువాడు మేయరు పేరున్న పెద్ద తెల్లపూల చక్రం మోసుకుపోతున్నాడు. దాని మీద తన పేరు కూడా ఉండటం చూసి ఈయన పొంగిపోయారు. బహుమతి సంగతి అప్పుడే మేయరుదాకా పోయిందనుకున్నారు.

విలియారుస్ మేడమ్ జీపులో ఎప్పుడో వచ్చేసింది. అందరూ అక్కడున్నారని కాపలావాడు చెప్పగా కోర్టుకి వెళ్ళి, గేటు చూసి గుండెలు పట్టుకుంది. శవపెట్టెలోకి చూసే ధైర్యం లేక వెనక వరసలో కూలబడింది.

"ముప్పై ఏళ్ళకేనా! పాపం, బట్టతల కూడా వచ్చేసింది. ఎలాంటి మనిషమ్మా మీ సార్?"

సల్వాసియోన్ గేటువైపు చూసింది. విషయం అర్థమైంది. ఆర్నెల్లుగా కట్టేసిన నోరు.

"ఏం చెప్పను మేడమ్? మా అకౌంట్స్ పిల్ల తండ్రికి ఒంట్లో బాలేదని ఏడిస్తే, 'ఏడుపుకి సెలవు చీటీ రాయి, ఇవాళ తగ్గిన నవ్వులు రేపు కలిపి నవ్వు' అన్నారు. ఒకసారి ఆయనకి నిజంగానే నవ్వొచ్చింది మేడమ్. పక్షవాతమేమోనని అంబులెన్సు పిలిచాం."

మేడమ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. పాసింగమ్మ పొట్ట పట్టుకుంది. "నిన్నట్నుంచీ మెతుకు దిగలేదు తల్లీ. దీని పుణ్యమా అని ఇంత కాఫీ దిగింది. నవ్వకపోతే ఈ బాధతో నేనూ పోదును" అని ముసలావిడ మళ్ళీ నవ్వింది, ఈసారి ఏడుస్తూ.

బస్టాండులో విసిగి తిరిగొచ్చిన ఫ్లోరెంతీనోగారు ఇదంతా వెనక నిలబడి విన్నారు. ఊరుకుంటే చచ్చినవాడి కింద లెక్క. నోరు విప్పితే ఆ కథల్లో మనిషి తనే అవుతారు. కుర్చీ గుర్తొచ్చింది.

"మగ్బానువాని నేనే! నేను చావలేదు!"

మేడమ్ ముఖం వాడిపోయింది. "అయ్యో, ఉన్నారా?"

ఆ మాటకి కోర్టు కప్పు ఎగిరిపోయింది. పేకముక్కలు చెల్లాచెదురయ్యాయి. మాత్రలు మింగే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

"ఆపండి! ఇది పథకం బయట నవ్వు! లెక్కలోకి రాదు!"

"వస్తుంది" అంది మేడమ్, కళ్ళు తుడుచుకొని కాగితం తీస్తూ.

బహుమతి వచ్చింది. నివేదికలో 'అధికారి లేనప్పుడు సిబ్బంది మానసిక ఆరోగ్యం అద్భుతం' అని రాసింది. పైవాళ్ళు ఆ అద్భుతాన్ని శాశ్వతం చేయదలచి, ఇలోయిలో కుర్చీలో సల్వాసియోన్‌ని కూర్చోబెట్టి, ఫ్లోరెంతీనోగారిని నాలుగు గంటల పడవ ప్రయాణం దూరంలో ఉన్న ఒక దీవికి, అక్కడి పాత కాగితాల గిడ్డంగికి అధికారిగా పంపారు. ఆ గిడ్డంగిలో ఆయన తప్ప సిబ్బంది ఎవరూ లేరు. అందుకే సిబ్బంది సంతోషంలో దానికి ప్రతినెలా నూటికి నూరు వస్తున్నాయి.