మీనాక్షా, అన్నపూర్ణా?

నేను పడవ కొన్న సంగతి బళ్ళారి బజారంతటికీ తెలుసు. ఆ పడవలో నా హోదా ఏమిటో మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నలుగురూ రోజూ నా బట్టల అంగడి మెట్ల మీద కూర్చునేవాళ్ళు కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో అనకండి.

హోసపేట దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి నీళ్ళు నిలిపిన అయిదారేళ్ళకు, అక్కడి ఆఫీసర్లు ఇద్దరు బదిలీ అయి వెళ్తూ తమ తెరచాప పడవలు అమ్మకానికి పెట్టారు. రెండూ ఇంచుమించు ఒకే పొడుగు. రెండింటిలోనూ నలుగురు పడుకునేంత గది ఉంది. మీనాక్షి అనేది సన్నగా, తెల్లగా, కట్టేసి ఉన్నా పరుగెడుతున్నట్టుండేది. అన్నపూర్ణ అనేది వెడల్పు, నిదానం. లోపల స్టవ్వు పెట్టుకోవడానికి గట్టు కూడా ఉంది.

"నాకు మీనాక్షి మీద మనసు పడింది," అన్నాను మా ఆవిడ లక్ష్మీకాంతమ్మతో. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. అది పడవ పేరని చెప్పాక మళ్ళీ కదిలింది గానీ, మునుపటంత హాయిగా కదల్లేదు.

"బట్టలమ్ముకునే మనకు పడవేంటికి?"

"ఆదివారం పూట పోయి గాలి పీల్చుకుందాం."

"మన సత్యనారాయణపేట ఇంట్లో గాలి రాదేంది?"

"నువ్వు సుమ్నే, ఊరికే అట్ల వచ్చి రెండూ చూడు. నీకేది బాగుండాదంటే అదే కొందాం. నీ మాటే ఆఖరు."

"ఆయ్తు, సరే," అందామె.

అంత ఉదారంగా మాటివ్వడం వెనుక ఒక ఏర్పాటుంది. పడవలకు కాపలా ఉన్న యల్లప్పను ముందే కలిశాను. ఆషాఢంలో పొద్దున నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటాయి, మధ్యాహ్నానికి పడమటి గాలి లేస్తుంది. కాబట్టి పొద్దున మీనాక్షి, గాలి లేచాక అన్నపూర్ణ. అన్నపూర్ణలో మా ఆవిడకు కడుపులో తిప్పితే నా పని అయిపోయినట్టే.

"గాలి మన మాట వింటాదా శెట్టప్పా?" అన్నాడు యల్లప్ప.

"గాలి వినకపోతే పోనీ, నువ్వు వింటే చాలు," అన్నాను.

ఆ ఆదివారం తెల్ల ప్యాంటు వేసుకున్నాను. నా అంగడి బట్టే. పడవ యజమాని తెల్ల ప్యాంటులో తెరచాప స్తంభానికి ఆనుకుని నిలబడతాడని ఏదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూశాను. మా ఆవిడ మాత్రం చిత్రాన్నం, పెరుగన్నం, ఊరగాయ, మరచెంబు, వాటికి మళ్ళీ మూతలు అంటూ సర్దేసరికి పొద్దుటి రైలు వెళ్ళిపోయింది. తర్వాతి రైలుకు వెళితే, గట్టు చేరేసరికి నడినెత్తిన ఎండ, ఎదురుగా గాలి. చెప్పిన మాట తప్పని మనిషి కాబట్టి యల్లప్ప మీనాక్షినే సిద్ధం చేసి ఉంచాడు.

నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. మీనాక్షి పక్కకు ఒరిగింది. నేను ఆ పక్కకే జారి, అడుగున చేరిన నీళ్ళలో కూర్చున్నాను. తెల్ల ప్యాంటు కథ అక్కడితో సరి.

ఇంతలో ముందువైపు తాడేదో చిక్కుకుంది. యల్లప్ప చుక్కాని కర్ర నా చేతిలో పెట్టి వెళ్ళాడు. "కుడిపక్కకు తోయి శెట్టప్పా," అని కేకేశాడు. కుడిచెయ్యి ఏదో నాకు తెలుసు. కానీ ఆ క్షణాన కడుపు తప్ప ఏ అవయవమూ గుర్తు లేదు. ఎడమకు తోశాను. పడవ గిరుక్కున తిరిగి, తెరచాప కింది దుంగ నా తల మీది టోపీని నీళ్ళలోకి విసిరేసింది.

"జరగండి," అంది మా ఆవిడ. కొంగు బిగించి, నా చేతిలోంచి కర్ర తీసుకుంది. రెండు నిమిషాల్లో మీనాక్షి గాలికి సర్దుకుని, నీళ్ళను కోసుకుంటూ నడిచింది.

"నీకిది యాడ వచ్చింది?" అన్నాను కింది నుంచే.

"మా నాయన ఎమ్మిగనూరు వడ్లు కొని, గుండ్రటి తోలు పుట్టిలో ఏరు దాటించేవాడు కదా. మూటల మీద కూర్చుని నేనూ తెడ్డు వేసేదాన్ని. ఇది వేరే తీరుగా ఉండాది, అయినా చేతికి తెలుస్తాంది. పెండ్లయినాక నీళ్ళంటే మనింటి కొళాయే."

"ఎప్పుడూ చెప్పలేదే."

"మీరు ఎప్పుడడిగితిరి?"

నిజమే. ఇరవై రెండేళ్ళలో కూర ఏమిటని అడిగాను, తాళంచెవి ఎక్కడని అడిగాను. ఇది అడగలేదు. ఆమె ముఖంలో ఆనాటి వెలుగు అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఇంకాసేపు చూసేవాణ్ణే గానీ, అప్పటికే పడవ అంచు మీదికి వంగాల్సి వచ్చింది.

మేము గట్టుకు వచ్చేసరికి గాలి పడిపోయింది. అన్నపూర్ణ ఎక్కితే అది ఊయలలా కదిలింది. గదిలో యల్లప్ప కాఫీ కాచి ఇచ్చాడు. నేను తాగి, కాళ్ళు చాపుకుని నిద్రపోయాను. లేచేసరికి నా మనసు పూర్తిగా మారిపోయింది.

"అన్నపూర్ణే బాగుండాది," అన్నాను గట్టు దిగగానే. "వెడల్పు, నెమ్మది. వంట కూడా చేసుకోవచ్చు."

"అది పడవ కాదు, ఇల్లు. ఇల్లు నాకు ఇంతకుముందే ఉండాది, దినామూ ఊడుస్తాండా." ఆమె యల్లప్ప వైపు తిరిగింది. "ఏమప్పా, ఎండాకాలం నీళ్ళు దిగితే ఇది యాడ నిలుస్తాది?"

"బురదలో దిగబడతాదమ్మా. మీనాక్షికైతే అడుగున ఉండే ఇనప పలక తాడుతో పైకి లాగేయొచ్చు, మోకాటి లోతు నీళ్ళలోనూ తేలుతాది."

ఇరవై రోజులుగా రెండు పడవలనూ పోల్చి చూస్తున్న నాకు ఆ ప్రశ్న తట్టనే లేదు.

"అయితే మీనాక్షే," అంది. "నా మాటే ఆఖరంటిరి కదా."

"అది కాదే, ఇంకొంచెం ఆలోచించి..."

"శెట్టప్పకు మొదటినుంచీ మీనాక్షి మీదే ఆశమ్మా," అన్నాడు యల్లప్ప, నాకు సాయం చేస్తున్నాననుకుని. "అందుకే దాన్ని గాలి లేనప్పుడు, అన్నపూర్ణను గాలిలో చూపించమన్నాడు."

మా ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. కింద తడి ప్యాంటు దగ్గర చూపు కాసేపు నిలిచింది.

"అట్లనా," అంది మెల్లగా. "అయితే ఇద్దరికీ నచ్చినట్టే."

మీనాక్షిని కొన్నాం. తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి యల్లప్ప భుజం మీద ఇసుక మూట మోసుకొస్తున్నాడు. గాలి గట్టిగా ఉన్నప్పుడు ఒరగకుండా, పైకి లేచే పక్కన బరువు పెట్టాలట. గాలి మారినప్పుడల్లా ఆ బరువును ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చాలట.

మా ఆవిడ చుక్కాని దగ్గర కూర్చుని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ మూట దింపేయప్పా," అంది. "మా ఆయన ఉండాడు. చెబితే తనంతట తానే జరుగుతాడు."