చాటెడు తవుడు

బాలల సంవత్సరమని లోకమంతా సభలు జరుపుకుంటున్న ఆ డెబ్బై తొమ్మిదిలో, మల్కాపురం కొండలరావు ఒక ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడేళ్ల కూతురు తవిటమ్మను వన్ టౌన్ తీసుకెళ్లి బడి గౌను కొనిపెట్టాలి, మధ్యాహ్నం షిఫ్టు వేళకి పోర్టులో పనికి చేరుకోవాలి. గుమ్మం దాటబోతుండగా వీధి చివరి కిళ్లీకొట్టువాడు పత్రిక పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

మొదటి పేజీలో తవిటమ్మ ఫొటో. పేరు, వీధి, బడి అన్నీ వేశారు. పైన ఇంతింత లావు అక్షరాలతో “చాటెడు తవుడుకు పసికందు విక్రయం!” అని, దాని కింద “నేరం ఒప్పుకున్న మహిళ” అని ఉంది.

ఆ మహిళ పక్కింటి జోగమ్మ. పాపం, ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు. తవిటమ్మకు ముందు కొండలరావుకు పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పులో, ఆ వైపు ఊళ్లలో అందరూ చేసేటట్టే, పసిదాన్ని చాటలో పడుకోబెట్టి జోగమ్మకు తవుడుకి అమ్మేశారు. ఆవిడ కొనుక్కుని, “ఇది నా పిల్ల, నువ్వు పెంచు” అంటూ మళ్లీ తల్లి తాయారు ఒళ్లోనే పెట్టింది. తవుడు ఖరీదు చేసే సరుకుని మృత్యువు కూడా ముట్టుకోదని నమ్మకం. అందుకే పిల్లకు ఆ పేరు. ఈ సంగతి మల్కాపురంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఏలూరు నుంచి కొత్తగా వచ్చిన విలేకరి శ్రీరామ్మూర్తికి తెలియదు. తెలిసేదాకా కూర్చునే తీరికా అతనికి లేదు.

“ఏటప్పా, ఆ పేపరాయనకి ఏటి సెప్పినావు?” అన్నాడు కొండలరావు తల పట్టుకుని.

“పిల్ల ఎవులిదని అడిగినాడు. నాదే, సాటెడు తవుడెట్టి కొన్నానన్నాను. మిగతాది సెప్పీలోగా ఫొటో తీసుకుని ఎల్లిపోనాడు. నానేటి సేత్తాను తమ్ముడా?”

అక్కణ్ణుంచి మొదలైంది జాతర. మహిళా సంఘం వాళ్లు దిక్కులేని పిల్లకని దుప్పట్లతో దిగి, కన్నతల్లి తాయారు ఇంట్లోనే ఉండటం చూసి ముక్కున వేలేసుకున్నారు. కొండలరావు చాట దగ్గర్నుంచి కథంతా చెప్పాడు. వాళ్లు వెళ్లగానే గాజువాక నుంచి పిల్లల్లేని దంపతులొచ్చి, తవుడేం ఖర్మ, బస్తా నూకలిస్తాం, పిల్లనిమ్మన్నారు. మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. బడి పిల్లలు గోడెక్కి “తవుడు పిల్లా!” అని అరిచారు. వాళ్లకు చెప్పడానికి అతని దగ్గర గొంతు మిగల్లేదు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు హెడ్ కానిస్టేబుల్ కామరాజు వచ్చాడు.

“ఎంక్వయిరీ అయ్యీదాకా పిల్ల హోములో ఉంటాది. బట్టలు సర్దండి.”

“కన్నోలం ఇక్కడుండగా హోమేటి బాబూ?”

“అమ్మీసినోలు కన్నోలెలగవుతారు?”

తవిటమ్మ తండ్రి నడుం వాటేసుకుంది. “నానా, నన్నిచ్చీకు. గౌనొద్దు, ఏటొద్దు.”

కొండలరావు రెండు చేతులా పిల్లను తన వెనక్కి జరుపుకున్నాడు. ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టిన చేతులవి. మూడోదాన్ని పోలీసులకు అప్పగించడానికి లేవలేదు. “నన్ను తీస్కెల్లండి. పిల్లని ముట్టుకుంటే మాత్రం ఊరుకోను,” అని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే శ్రీరామ్మూర్తి కెమెరాతో ఊడిపడ్డాడు. “కాస్త పక్కకి జరుగుతారా? పిల్ల మొహం మీద వెలుతురు పడటం లేదు.”

“తవుడు గురించి రాసినావే, సచ్చిపోయిన ఇద్దరి గురించి ఎందుకు రాయనేదు?” అని కొండలరావు అతని మీదికి వెళ్లాడు.

“వార్తకి చోటు సరిపోలేదండీ.”

చొక్కా పట్టుకునేవాడే, ఇంతలో ఇన్‌స్పెక్టరు నాయుడుగారి జీపు ఆగింది. ఆయన జోగమ్మ చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. ఆ రోజు ఆ పని చేసిన మొదటి మనిషి ఆయనే. చివర్న ఒక్క ప్రశ్న వేశాడు.

“తవుడు తూచి ఇచ్చినావా, ఊరికే పోసినావా?”

“ఊరికే పోసినాను బాబూ.”

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “నన్ను మాయమ్మ తూచి మరీ అమ్మింది. నా పూర్తి పేరు తవిటినాయుడు.”

ఇన్నేళ్లుగా ఆయన కింద పనిచేస్తున్న కామరాజు నోరు తెరిచి మళ్లీ మూయలేదు. తాయారు పిల్లను లాక్కుని గుండెలకు హత్తుకుంది. ఇన్‌స్పెక్టరు విలేకరి వైపు తిరిగాడు. “కన్నోళ్లు ఇంట్లోనే ఉన్నారు. ఒక్క మాట అడిగావా? ఇప్పుడా పిల్ల బడికెలా వెళ్తుంది? ఇకమీదట దాని పేరు గాని, ఫొటో గాని నీ పేపర్లో కనపడకూడదు. జరిగింది జరిగినట్టు రాయి.”

“తప్పకుండా సార్,” అన్నాడు శ్రీరామ్మూర్తి ఎంతో వినయంగా.

మర్నాడు కొండలరావు బెదురుతూనే పత్రిక విప్పాడు. పిల్ల పేరు లేదు, ఫొటో లేదు. మొదటి పేజీలో ఇన్‌స్పెక్టరు గారి నిలువెత్తు ఫొటో, దాని మీద “తూచి మరీ అమ్ముడుపోయిన పోలీసు అధికారి!” అని ఉంది. ఇన్‌స్పెక్టరు చెప్పిన మాట శ్రీరామ్మూర్తి వినలేదని మాత్రం ఎవరూ అనలేరు.